పిల్లల సంచులు వెదికే పెద్దలకు



మా రాజపాళయంలో కొన్ని వారాలుగా ఒక మాట ఇంటింటా తిరుగుతున్నది. పదమూడు నుండి పదిహేడేళ్ళ పిల్లలు చదివే ఇంగ్లీషు నవలలలో కతోలిక మతభావాలు పొంచి ఉన్నాయట. అవి తెలుగు పిల్లల మనసులను మెల్లమెల్లగా మార్చివేస్తాయట. కనుక అటువంటి పుస్తకాల పట్టిక ఒకటి తయారుచేసి, పిల్లల సంచులలో అవి కనబడకుండా చూడాలట. ఆ పట్టిక రాసే బాధ్యత తెలుగు ఉపాధ్యాయులకు అప్పగించాలని పెద్దలు కొందరు కూర్చొని నిశ్చయించారు. "మన సంస్కృతిని కాపాడవలసింది మీరే కదా మాస్టారూ" అన్నారు. నేను ఆ పట్టిక రాయను. ఎందుకు రాయనో ఇక్కడ వివరంగా చెప్తాను. కోపం వచ్చేవారికి రానివ్వండి.

ఆరోపణలో సగం నిజం. ఆ సగాన్ని ముందే ఒప్పుకొంటే తక్కిన సగం సంగతి తేల్చుకోవడం సులభం. పిల్లలు ఇష్టపడి చదివే పుస్తకాలు కొన్నింటిలో కతోలిక నీతిచింతన నిస్సందేహంగా ఉన్నది. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' సంగతి చూడండి. 1954–55లో వెలువడిన గ్రంథమే అయినా, 2001 నుండి వచ్చిన చలనచిత్రాల పుణ్యమా అని ఇప్పటికీ పిల్లల చేతుల్లో కనిపిస్తుంది. రచయిత టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో భాషాచార్యుడు, ఒక విధంగా మన వృత్తివాడే. ఆయనకు ఎనిమిదేళ్ళ వయసులో, 1900లో, తల్లి కతోలిక మతం స్వీకరించింది. బంధువులు ధనసహాయం మానుకున్నారు. 1904లో ఆమె మరణిస్తే ఒక కతోలిక గురువు ఆ పిల్లలకు సంరక్షకుడైనాడు. తన కథ మూలంలో కతోలిక రచనయేనని టోల్కీన్ 1953లో ఒక జెస్యూట్ మిత్రునికి రాసిన ఉత్తరంలో తానే చెప్పుకున్నాడు. అయినా ఆ కథలో చర్చి లేదు, సిలువ లేదు, మతోపదేశకుడు లేడు. ఉంగరం నశించిన తేదీ మాత్రం మార్చి 25 అని ఉంటుంది. అది దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగ రోజు. తెలిసినవాడు నవ్వుకుంటాడు, తెలియనివాడు పేజీ తిప్పుతాడు.

మరి కతోలిక భావం ఎక్కడున్నది? ముగింపులో ఉన్నది. ఫ్రోడో అన్న కథానాయకుడు నెలల తరబడి నడిచి అగ్నిపర్వతపు అంచు చేరి, ఉంగరాన్ని మంటలో వేయవలసిన క్షణంలో వేయలేకపోతాడు. ఓడిపోతాడు. కథ గట్టెక్కింది అతని పరాక్రమం వలన కాదు. గొల్లమ్ అనే దీనుణ్ణి చంపగలిగి ఉండి కూడా, ముందు బిల్బో, తరువాత ఫ్రోడో జాలిపడి వదిలివేశారు. ఆ గొల్లమే చివరి క్షణంలో ఉంగరం కోసం పెనుగులాడి దానితో సహా అగ్నిలో పడతాడు. మనిషి కేవలం స్వశక్తితో గట్టెక్కలేడు, ఎన్నడో చూపిన దయ అనుగ్రహమై తిరిగి వస్తుంది అన్నది అక్కడి ఆలోచన. ఇది చదివి మన పిల్లవాడు చెడిపోతాడంటే, అజామిళోపాఖ్యానం చదివినా చెడిపోవాలి. బ్రతుకంతా భ్రష్టుడై గడిపి, ప్రాణం పోయే వేళ కొడుకును 'నారాయణా' అని పిలిచినందుకు యమభటుల చేతినుండి విడుదలైనవాని కథ మన భాగవతం ఆరవ స్కంధంలో ఉన్నది. అర్హతకు మించిన దయ అనే ఊహ ఒక్క రోము సొత్తు కాదు.

వారు చెప్పిన పేర్లలో 'ద హంగర్ గేమ్స్' కూడా ఉన్నది. 2008లో వచ్చిన ఈ నవలలో మతప్రసక్తి కనబడదు. చెల్లెలి పేరు చీటీలో వచ్చినప్పుడు కాట్నిస్ అనే పదహారేళ్ళ అక్క, ఆమెకు బదులుగా తాను చావుపోటీకి వెళ్తానంటుంది. ఇందులో కతోలిక భావం చూసినవారు పూర్తిగా పొరపడలేదు. 1941లో ఆష్విట్జ్ నిర్బంధశిబిరంలో పదిమందిని ఆకలితో చంపడానికి ఎంచినప్పుడు, వారిలో భార్యాబిడ్డలున్న ఒక ఖైదీకి బదులుగా మాక్సిమిలియన్ కోల్బె అనే గురువు ముందుకు వచ్చి మరణించాడు. 1982లో ఆయనకు పునీతపట్టం ఇచ్చినప్పుడు, నాడు బ్రతికి బయటపడిన ఆ ఖైదీ ఎదుట కూర్చొని చూశాడు. ఒకరికి బదులు ఒకరు నిలబడడం ఆ మతానికి గుండెకాయ వంటిది. కానీ శిబి చక్రవర్తి పావురానికి బదులు తన తొడకండను తూకం వేసిన కథ చెప్పి పెంచిన పిల్లవాడు, కాట్నిస్‌ను చూసి పరాయి మతం అనుకోడు. బాగా తెలిసిన మనిషే అనుకుంటాడు. అసలు భయపడవలసింది శిబి కథ వినకుండా పెరిగిన పిల్లవానిని గురించి. అందుకు బాధ్యత ఇంగ్లీషు రచయిత్రిది కాదు.

నన్ను ఎక్కువకాలం ఆలోచింపజేసిన పుస్తకం వేరొకటి ఉన్నది. జీన్ లుయెన్ యాంగ్ అనే చైనా సంతతి అమెరికా రచయిత బొమ్మలతో కథలు చెప్తాడు. ఆయన కతోలికుడు. ఓక్లండ్ నగరంలో ఒక కతోలిక ఉన్నత పాఠశాలలో చాలాకాలం పాఠాలు చెప్పాడు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లల బాధ ఆయనకు పుస్తకాలలో చదివి తెలిసినది కాదు. 2006లో వచ్చిన 'అమెరికన్ బార్న్ చైనీస్'లో ఆ బాధే వస్తువు. 2013లో 'బాక్సర్స్ అండ్ సెయింట్స్' అని రెండు సంపుటాల కథ వెలువరించాడు. 1900లో చైనాలో విదేశీయుల మీద, క్రైస్తవుల మీద జరిగిన తిరుగుబాటు అందులో వస్తువు. 2000 అక్టోబరు 1న జాన్‌పాల్ పోపు గారు చైనాలో హతులైన 120 మందిని పునీతులుగా ప్రకటించినప్పుడు, చైనా ప్రభుత్వం వారిని దేశద్రోహులన్నది. ఒకరికి పునీతులు, మరొకరికి ద్రోహులు. ఈ చిక్కుముడి నుండే ఆ పుస్తకం పుట్టింది.

మొదటి సంపుటం బావో అనే పల్లెటూరి పిల్లవానిది. విదేశీ గురువు వచ్చి వారి గ్రామదేవత విగ్రహాన్ని పగులగొడతాడు. చదివే పిల్లవాని రక్తం ఉడుకుతుంది, ఉడకాలనే రాశాడు. ఆ కోపమే బావోను తిరుగుబాటు నాయకుణ్ణి చేస్తుంది. అదే కోపం చివరకు ఆడవారూ పిల్లలూ తలదాచుకున్న చర్చికి నిప్పు పెట్టిస్తుంది, పెకింగులోని ప్రాచీన గ్రంథాలయాన్ని కాల్పిస్తుంది. రెండవ సంపుటం ఒక ఆడపిల్లది. ఇంట్లో నాలుగవ సంతానం. చైనా భాషలో నాలుగు అన్న మాటకూ చావు అన్న మాటకూ ధ్వనిసామ్యం ఉన్నందున, తాత ఆ పిల్లకు పేరు పెట్టడానికే ఒప్పుకోడు. 'నాలుగో పిల్ల' అనే పిలుస్తారు, దయ్యమంటారు. ఊరివారు క్రైస్తవులను కూడా 'విదేశీ దయ్యాలు' అనేవారు. 'నేను దయ్యాన్నే అయితే అక్కడికే వెళ్తాను' అని ఆ పిల్ల క్రైస్తవుల ఇంటికి వెళ్తుంది. మొదట వెళ్ళింది వారు పెట్టే తినుబండారాల కోసం. బైబిలు కథలు వింటూ మధ్యలో నిద్రపోతుంది కూడా. చివరకు జ్ఞానస్నానంలో విబియానా అని ఒక పేరు దొరుకుతుంది. ఆమె జీవితంలో మొదటి పేరు అది.

ఇందులో మతప్రచారం ఎక్కడున్నదో వెదకండి. రచయిత కతోలికుడై ఉండి, తన మతం మోసుకువచ్చిన అహంకారాన్ని విగ్రహం పగిలిన శబ్దంతో సహా చూపించాడు. అవతలి పక్షానికి ఒక పూర్తి సంపుటం ఇచ్చాడు. ఆ పిల్ల మతం మారింది వాదంలో ఓడిపోయి కాదు, ఇంట్లో పేరు పెట్టలేదు గనుక. పట్టిక రాయమంటున్న పెద్దలు ఈ ఒక్క సంగతి దగ్గర కొంచెం ఆగాలి. పిల్లలు ఇల్లు దాటిపోయేది బయటివాడు పిలిచినందువలన మాత్రమే కాదు. లోపల పిలిచేవారు లేకపోవడం వలన.

తెలుగు విషయంలో మనం చేస్తున్నది ఏమిటి? పదిహేనేళ్ళ పిల్లకు మనం ఇస్తున్న తెలుగు పుస్తకం ఏది? పాఠ్యపుస్తకం తప్ప వేరొకటి పేరు చెప్పగలరా? చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలున్నాయి, పెద్దలకు నవలలున్నాయి, నడిమి వయసుకు మన అలమరలో ఖాళీ ఉన్నది. ఆ ఖాళీలో ఇంగ్లీషు పుస్తకం వచ్చి కూర్చుంటే, ఖాళీని వదిలి పుస్తకం మీద కేకలు వేస్తున్నాం.

ఇక ఉపాధ్యాయ మిత్రులతో ఒక మాట. మన తరగతిలో నీతి ఎలా చెప్తున్నాం? పాఠం అయిపోగానే 'ఈ కథలోని నీతి ఏమి?' అని ప్రశ్న. రెండు మార్కులు. జవాబు మార్గదర్శి పుస్తకంలో ఉన్నది, పిల్లవాడు కంఠస్థం చేశాడు, మార్కులు వచ్చాయి. అందులో వాని మనస్సాక్షికి పని ఎక్కడ? నీతి అనే మాటకు మన ప్రాచీన గ్రంథాలలో లోకవ్యవహార జ్ఞానమనే అర్థమే ప్రధానం. మన తమిళనాటి శ్రీపెరుంబుదూరులో పుట్టిన పరవస్తు చిన్నయసూరి గారు 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక'లో మిత్రలాభం, మిత్రభేదం ఉన్నాయి. ఎవరిని నమ్మాలి, ఎవరిని నమ్మకూడదు, బలవంతుని ఎదుట ఎలా మెలగాలి? బ్రతకడానికి అవసరమైన చదువే, భాష నేర్చుకోవడానికి అంతకంటే మంచి గద్యం లేదు. అయితే 'నేను చేసింది తప్పు, ఇప్పుడేం చేయాలి?' అని రాత్రి నిద్రపట్టక దొర్లుతున్న పదిహేనేళ్ళ పిల్లకు మిత్రభేదం ఏం జవాబు చెప్తుంది?

కతోలికులలో పాపసంకీర్తనం అనే ఆచారం ఉన్నది. దానిలోని మెట్లు గమనించండి. ముందు తనను తాను పరిశీలించుకోవాలి. పశ్చాత్తాపం కలగాలి. తప్పును నోరారా పేరుపెట్టి చెప్పాలి. పిదప పరిహారం చేయాలి. దైవవిశ్వాసం ఉన్నా లేకపోయినా, ఈ మెట్లు నవలారచయితకు ఎంతో అనుకూలమైనవి. చాలా యువజన నవలల నడక ఇదే. పిల్లలను పట్టి ఉంచుతున్నది మతం కాదు, తప్పు చేసినవాడు తరువాత ఎలా బ్రతకాలి అన్న ప్రశ్న. గురజాడ వారు 1910లో ఈ ప్రశ్ననే 'దిద్దుబాటు'లో ఎంత తేలికగా, నవ్వుతూ వేశారో చూడండి. మన తరగతిలో దానిని కూడా 'స్త్రీవిద్య యొక్క ఆవశ్యకత' అని ఒక వాక్యంగా కుదించి నల్లబల్ల మీద రాసి పంపుతున్నాం. గోపాలరావు సిగ్గు ఎవరికీ కనిపించదు.

ఇంగ్లీషు నవల, కతోలిక నీతి, తెలుగు పద్యం ఒకే గంటలో ఎలా కూర్చుంటాయో నేను తరగతిలో చేసి చూసిన పద్ధతి ఒకటి చెప్తాను. 2005లో వచ్చిన 'ద బుక్ థీఫ్' నవలలో, నాజీల కాలపు జర్మనీలో ఒక పేద కుటుంబం నేలమాళిగలో ఒక యూదు యువకుణ్ణి దాచిపెడుతుంది. పెంపుడు కూతురు లీసెల్ ఆ రహస్యం ఎవరికీ చెప్పకూడదు. సైనికుడు వచ్చి అడిగితే అబద్ధం చెప్పవచ్చునా? ప్రశ్న ఇంతే. తరగతిలో సగంమంది చెప్పవచ్చునంటారు, కారణం మాత్రం చెప్పలేరు. అప్పుడు ఒకవైపు అగస్తీను అనే ప్రాచీన కతోలిక పండితుని నిలబెడతాను. ఒకని ప్రాణం కాపాడడానికైనా అబద్ధం పాపమేనని ఆయన మతం. మరొకవైపు మన కర్ణపర్వంలోని కౌశికుని నిలబెడతాను. సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన కౌశికుడు, దొంగలు తరుముకురాగా అడవిలో దాగిన జనం జాడను ఉన్నదున్నట్లు చెప్పాడు. దొంగలు వారిని చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు. ఈ కథ అర్జునునికి చెప్పినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడు.

తరగతి వేడెక్కుతుంది. కృష్ణుడు చెప్పాడు గనుక అబద్ధం మంచిదేనని ఒకడు లేచి కూర్చుంటాడు. అప్పుడు ద్రోణపర్వం తీస్తాను. అశ్వత్థామ చచ్చాడన్న మాట గట్టిగా, ఏనుగన్న మాట మెల్లగా పలికిన ధర్మరాజు రథం, అంతవరకు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచినది, ఆ క్షణంలో నేలకు దిగింది. అది చాలదని స్వర్గారోహణపర్వంలో ఆయనకు నరకదర్శనం కూడా తప్పలేదు. సలహా ఇచ్చినవాడు అదే కృష్ణుడు కదా, మరి శిక్ష ఎందుకు? ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంటే తరగతి అక్కడితో చల్లారిపోయేది. అవతలి మతంలో కూడా సంగతి తేలలేదు. 1992లో వెలువడిన కతోలిక ధర్మోపదేశ గ్రంథంలో అబద్ధానికి ఇచ్చిన నిర్వచనంలో, 'సత్యం తెలుసుకొనే హక్కు ఉన్నవానిని' మోసగించడం అన్న విశేషణం ఉండేది. 1997 నాటి అధికార ప్రతిలో దానిని తొలగించారు. ఒక్క విశేషణం ఉంటే సైనికుని ఎదుట లీసెల్ అబద్ధం పాపం కాకుండా పోతుంది, తొలగిస్తే మళ్ళీ చిక్కు మొదలవుతుంది. వ్యాకరణం చెప్పుకొని బ్రతికేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరుకుతుందా? విశేషణమే కదా అని ఇకమీదట ఏ పిల్లవాడూ అనడు.

ఈ పాఠంలో ఎవరూ మతం మారలేదు. తిక్కనను మాత్రం కొందరు మళ్ళీ తెరిచారు. ఇంగ్లీషు నవల తీసివేసి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదు, తిక్కన అవసరమూ కలిగేది కాదు.

నిషేధం ఎంత పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవారు కతోలిక చరిత్రనే చూడవచ్చు. 1559లో రోములో నిషిద్ధగ్రంథాల పట్టిక మొదలైంది. నాలుగు శతాబ్దాలు దానిని పెంచుతూ పోయారు. 1966లో వారే ఎత్తివేశారు. అధికారం, అచ్చుకు అనుమతి, శిక్ష అన్నీ చేతిలో ఉన్న వ్యవస్థ నాలుగు వందల ఏళ్ళు ప్రయత్నించి వదిలేసిన పనిని మన వీధి పెద్దలు తెల్లకాగితంతో మొదలుపెడతామంటున్నారు! ఆ తరువాత కూడా వారిలో వాదాలు ఆగలేదు. హ్యారీ పాటర్ పుస్తకాలు పిల్లలకు హాని అని 2003లో ఒక జర్మను రచయిత్రి చేసిన విమర్శను కార్డినల్ రాట్జింగర్ ఉత్తరంలో మెచ్చుకున్నారు. ఆయన పోపు అయిన పిమ్మట, 2008లో, వాటికన్ పత్రిక ఆ పుస్తకాలను మెచ్చుతూ ఒక వ్యాసం, తెగడుతూ ఒక వ్యాసం పక్కపక్కనే వేసింది. మనవారు భయపడుతున్నంత ఏకాభిప్రాయం వారి ఇంట్లోనే లేదన్నమాట.

2025లో స్వర్గస్థులైన ఫ్రాన్సిస్ పోపు గారు, అంతకు ముందు సంవత్సరం సాహిత్యపఠనం గురించి ఒక లేఖ రాశారు. అందులో తన మాస్టరీ రోజులను చెప్పుకున్నారు. 1964–65లో ఆర్జెంటీనాలోని సాంతాఫే పట్టణంలో ఒక జెస్యూట్ బడిలో ఆయన సాహిత్యం బోధించేవారు. పాఠ్యప్రణాళికలో ఉన్నది 'ఎల్ సిద్' అనే ప్రాచీన వీరగాథ. పిల్లలు మాత్రం ఆధునిక కవి లోర్కాను చదువుదామని గొడవ చేశారట. అయితే 'ఎల్ సిద్'ను ఇంట్లో చదువుకోండి, తరగతిలో మీకు నచ్చినవారిని చదువుదాం అని ఒప్పందం చేసుకున్నారట. మతం సంగతి పక్కన పెట్టండి. ఇది ఒక బడిపంతులు మరొక బడిపంతులుకు చెప్పిన కిటుకు, నేను సంతోషంగా తీసుకున్నాను.

ఇంకొక సంగతి మన చుట్టుపక్కలదే. కోవిల్‌పట్టి దగ్గర కామనాయక్కన్‌పట్టి అని ఒక ఊరున్నది, ఆగస్టు 15న మరియమ్మ పండుగకు జనం విరగబడే ఊరు. పేరులోనే నాయక రాజుల కాలం వినిపిస్తుంది. ఇటలీలో 1680లో పుట్టిన కాన్‌స్టంటైన్ బెస్కి అనే కతోలిక గురువు ఈ దేశానికి వచ్చిన కొత్తలో అక్కడ ఉన్నాడు. తమిళులు ఆయనను వీరమాముని అంటారు. 'తేంబావణి' కావ్యం రాసినవాడు, నిఘంటువులు కూర్చినవాడు. 'పరమార్థ గురువు కథ' అని హాస్యకథలు రాసినవాడు కూడా ఆయనే. మూఢుడైన గురువు, అంతకంటే మూఢులైన అయిదుగురు శిష్యులు, నది నిద్రపోయిందో లేదో కొరివితో పరీక్షించడం, గుమ్మడికాయను గుర్రపు గుడ్డని కొనడం. ఎక్కడో విన్నట్లున్నదా? మన ఇళ్ళలో అమ్మమ్మలు చెప్పే పరమానందయ్య శిష్యుల కథలకు దగ్గరి చుట్టం ఇది. మన లెక్కలో శిష్యులు పన్నెండుగురు, అంతే తేడా. ఆ ముచ్చట్లలో కొన్ని అంతకు ముందే జనం నోళ్ళలో ఉండవచ్చు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న లెక్క పరిశోధకులకు వదిలేద్దాం. నేనడిగేది ఇంతే: కతోలిక గురువు కలం తగిలిందని పరమానందయ్యను కూడా పట్టికలో చేరుస్తారా? 1966లో రామారావు గారు నటించిన చిత్రాన్ని ఏం చేద్దాం?

అవతలి పక్షంవారికి కూడా నా దగ్గర మాట ఉన్నది. నీతి విషయంలో ఇంగ్లీషు పుస్తకాలకు సాటి లేదు, తెలుగులో శతకాల ఉపదేశం తప్ప అంతరాత్మ సంఘర్షణ లేదు అని చెప్పే ఇంగ్లీషు ఉపాధ్యాయులు ప్రతి బడిలోనూ ఉన్నారు. వారిలో తెలుగువారే ఎక్కువ కావడం మన ఖర్మ. తండ్రి మాటా, గురువు మాటా కాదని తన మనస్సు చెప్పిన దారి విడవని ప్రహ్లాదుడు వారికి భక్తుడుగానే కనిపిస్తాడు, బడిపిల్లవాడుగా కనిపించడు. భేతాళ కథలు చదివి పెరిగినవారు ఈ మాట అనలేరు. 1947 జూలైలో మద్రాసు నుండి తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలైన 'చందమామ'లో, భేతాళుడు కథ చెప్పి నీతి చెప్పేవాడు కాదు, ప్రశ్న వేసేవాడు. తెలిసి జవాబు చెప్పకపోతే తల పగులుతుందనేవాడు. ఇద్దరూ మంచివారే, ఎవరి త్యాగం గొప్పది? రాజు చేసింది న్యాయమేనా? పిల్లవాడు పేజీ తిప్పకుండా వేలు అడ్డం పెట్టుకొని ముందు తాను ఆలోచించేవాడు. 2013 నాటికి ఆ పత్రిక ఆగిపోయింది. దాని స్థానంలో ఏం పెట్టాం?

కతోలిక నీతిలో నాకు రుచించనివి కూడా ఉన్నాయి. బాధపడడమే గొప్ప అన్నట్లు రాసిన నవలలు, తప్పు చేసిన ఆడపిల్లను ఒక తూకంతో, మగపిల్లవానిని మరొక తూకంతో తూచే నవలలు చదివాను. వాటిని తరగతిలో చీల్చి చెండాడాలి. అదే మతవ్యవస్థను తీవ్రంగా దుయ్యబట్టిన ఫిలిప్ పుల్‌మన్ నవలలు కూడా అదే అలమరలో ఉండాలి. చదవని పుస్తకాన్ని ఎవరు చీల్చగలరు?

మన పరిస్థితి ఎటువంటిదో మరిచిపోకండి. 2006 నాటి తమిళ అధ్యయన చట్టం ప్రకారం 2006–07లో ఒకటో తరగతి నుండి తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి, ఆ తరం 2015–16లో పదో తరగతికి వచ్చింది. అప్పటినుండి అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానాల మెట్లెక్కి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పొడిగించినది కూడా ఒక్క సంవత్సరానికే. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. ఇడైసెవల్ గ్రామంలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగిన కి. రాజనారాయణన్ గారు, తెలుగునాడు విడిచి ఈ నల్లరేగడి నేలకు తరలివచ్చిన మన పూర్వుల కథను 1976లో 'గోపల్ల గ్రామం'గా తమిళంలోనే రాశారు. మహత్తరంగా రాశారు. కానీ మన వలస కథను మన పిల్లవాడు చదవాలంటే తమిళంలో చదువుతున్నాడు, మనస్సాక్షి కథ చదవాలంటే ఇంగ్లీషులో చదువుతున్నాడు. తెలుగులో చదువుతున్నది 'ఈ కథలోని నీతి ఏమి' అన్న ప్రశ్నకు జవాబు. వారానికి మిగిలిన ఆ కొద్ది తెలుగు గంటలను సంచులు వెదకడానికి ఖర్చు చేయమంటారా?

నేను చేయబోయేది చెప్తాను. ఎనిమిది నుండి పదకొండు తరగతుల పిల్లలు చదివే ఇంగ్లీషు నవలలను దాచుకోకుండా తరగతికి తెమ్మంటాను. ప్రతి నవలకు పక్కన ఒక తెలుగు కథ, ఒక పర్వం, ఒక భేతాళ ప్రశ్న పెడతాను. నెలకు ఒక అధ్యాయం పిల్లలచేత తెలుగులోకి రాయిస్తాను. పరీక్షలో 'నీతి ఏమి' అన్న ప్రశ్న తీసి, 'నీవైతే ఏం చేస్తావు, ఎందుకు?' అని వేస్తాను. దీనికి మార్గదర్శి పుస్తకంలో జవాబు ఉండదు. మార్కులు వేయడం కష్టమని తోటి ఉపాధ్యాయులు విసుక్కుంటారు, విసుక్కోనీయండి.

తల్లిదండ్రులకు విన్నపం. వచ్చే నెల సమావేశానికి వచ్చేముందు 'బాక్సర్స్ అండ్ సెయింట్స్' రెండు సంపుటాలూ మీ పిల్లలతో కలిసి చూడండి. బొమ్మల పుస్తకం, రెండు సాయంత్రాలు చాలు. ఇంగ్లీషు రాని పెద్దలకు పిల్లలనే తెలుగులో చెప్పమనండి. చెప్తూ చెప్తూ కొన్ని మాటల దగ్గర ఆగుతారు. పశ్చాత్తాపం, త్యాగం, క్షమ అన్న చోట్ల తెలుగు మాట దొరకక ఇంగ్లీషు మాట వేస్తారు. కసరకండి. ఎక్కడెక్కడ ఆగారో ఒక కాగితం మీద రాసుకొని, వచ్చేటప్పుడు తీసుకురండి.